ఒక ‘బి’ తగ్గిన వీసా: అమ్మానాన్నలతో వియత్నాం

ఏప్రిల్ 27 రాత్రి భోజనాలయ్యాక నలుగురి పాస్‌పోర్టులూ వీసా ప్రింట్లూ మంచం మీద పరుచుకుని ఒక్కొక్కటే ఫైల్లో సర్దుతున్నాను. మే 6 రాత్రి హైదరాబాద్ నుంచి హనోయ్‌కి టికెట్లు. అమ్మ వీసా మీద పేరు పైకి చదువుతుంటే నాలుక ఎక్కడో తట్టుకుంది. మళ్ళీ చదివాను. ‘సుబ్బ’ అని ఉండాల్సిన చోట రెండు ‘బి’లు లేవు, ఒకటే ఉంది. పాస్‌పోర్టులో రెండు, వీసాలో ఒకటి.

నా వీసా, మా ఆవిడ వీసా నేనే అప్లై చేశాను. అమ్మానాన్నలవి మాత్రం విజయవాడలో ఒక ఏజెంటుకి ఇచ్చాను. పెద్దవాళ్ళవి కదా, తెలిసినవాడి చేతిలో ఉంటే మంచిదనుకున్నాను. 25 డాలర్ల వీసాకి మనిషికి 4,500 రూపాయలు తీసుకున్నాడు. అంటే ఫీజు పోను దాదాపు మళ్ళీ అంత వాడి కష్టానికి. ఆ కష్టంలోనే ఒక ‘బి’ జారిపోయింది. ఫోన్ చేస్తే, "ఒక్క అక్షరమే కదా సార్, అక్కడ ఎవరూ పట్టించుకోరు" అన్నాడు. నిజంగానే పట్టించుకోకపోవచ్చు. కానీ ఆ సంగతి అమ్మని హనోయ్ కౌంటర్ ముందు నిలబెట్టి తేల్చుకునే ధైర్యం నాకు లేదు. అసలు అంతదాకా కూడా అక్కర్లేదు. శంషాబాద్‌లో ఎయిర్‌లైన్ కౌంటర్‌లోనే పాస్‌పోర్టునీ వీసానీ పక్కపక్కన పెట్టి చూస్తారు, వాళ్ళు వద్దంటే ప్రయాణం అక్కడే ఆగిపోతుంది.

వచ్చేసిన ఈ-వీసాలో అక్షరం దిద్దించుకోవడం కంటే కొత్తగా అప్లై చేసుకోవడమే సులువు. కట్టిన ఫీజు ఎలాగూ వెనక్కి రాదు. ఆ రాత్రే పదకొండింటికి కూర్చుని అమ్మది మళ్ళీ పెట్టాను, మరో 25 డాలర్లు. మూడు పనిదినాలని ఉంది, ఇంకా తొమ్మిది రోజులుంది కదా అని నిశ్చింతగా పడుకున్నాను. పొద్దున్నే మా ఆవిడ ఫోన్లో వియత్నాం క్యాలెండర్ తీసి ముందు పెట్టింది. ఏప్రిల్ 30 వాళ్ళకి విమోచన దినం. 1975లో సైగాన్‌లో యుద్ధం ముగిసిన రోజు. మర్నాడు మే డే. ఆ పక్కనే మరో సెలవు, శని ఆదివారాలు కలిసి ఏకంగా ఐదు రోజులు ఆఫీసులు మూత. పనిదినాలు 28, 29, ఆ తర్వాత మళ్ళీ మే 5. మన పిల్లలకి వేసవి సెలవులు మొదలయ్యేదీ, వాళ్ళు దేశమంతా ఊళ్ళు తిరిగేదీ ఒకే వారం. ఆ రోజుల్లో హోటళ్ళ రేట్లు కూడా పెరిగిపోతాయి. మేం దాటించి మే 7న దిగేలా బుక్ చేసుకోవడం తెలివి కాదు, టికెట్లు అప్పుడు చవగ్గా దొరకడమే కారణం.

ఆ వారం రోజుల టెన్షన్ సంగతి వదిలేస్తాను. రోజుకి పదిసార్లు రిజిస్ట్రేషన్ కోడ్, ఈమెయిల్, పుట్టిన తేదీ కొట్టడం, ‘పరిశీలనలో ఉంది’ అని చూడటం, మూసేయడం. అమ్మ మాత్రం ఆవకాయ డబ్బాకి ప్లాస్టర్ చుడుతూ, "రాకపోతే మీరు ముగ్గురూ వెళ్ళిరండి, నేను మీ పిన్ని దగ్గర ఉంటాను" అంది, అదే నాకు ఎక్కువ బాధ. మే 5న మనకి మధ్యాహ్నం రెండున్నరకి, వాళ్ళ గడియారంలో నాలుగింటికి వీసా వచ్చింది. రెండు ‘బి’లూ ఉన్నాయి. వేలుపెట్టి లెక్కపెట్టాను.

కాబట్టి చెప్పేదేంటంటే, వియత్నాం వీసాకి ఏజెంటు అక్కర్లేదు. 2023 ఆగస్టు 15 నుంచి ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తున్నారు. ఒకసారి వెళ్ళిరావడానికైతే 25 డాలర్లు, ఎన్నిసార్లైనా అయితే 50. చిరునామా చివర ‘గవ్ డాట్ విఎన్’ ఉన్నదే వాళ్ళ ప్రభుత్వ సైటు. గూగుల్లో వెతికితే అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు పైన వస్తాయి, ఫీజుకి రెండు మూడు రెట్లు అడుగుతాయి. పాస్‌పోర్టు ఫొటో పేజీ స్కాన్, కళ్ళజోడు లేకుండా దిగిన ఫొటో, అక్కడ ఉండబోయే చిరునామా, తేదీలు, ఏ ఎయిర్‌పోర్టులో దిగి ఎక్కడినుంచి బయటికొస్తారో, ఇంతే. ఆ దిగే చోటు మాత్రం ముందే ఖాయం చేసుకోవాలి. మేం హనోయ్ నోయి బాయ్‌లో దిగి దా నాంగ్ నుంచి బయటికొస్తామని పెట్టాం. మొదలు తేదీ కంటే ఒక్కరోజు ముందు వెళ్ళినా రానివ్వరు, రాత్రి పన్నెండు అటూఇటుగా దిగే ఫ్లైట్లున్నవాళ్ళు ఇది చూసుకోవాలి. డబ్బు కట్టేచోట నా కార్డు రెండుసార్లు ఫెయిలైంది. తీరా చూస్తే విదేశీ లావాదేవీలు ఆఫ్‌లో ఉన్నాయి. బ్యాంకు యాప్‌లో ఆన్ చేశాక పేమెంటు వెళ్ళింది.

అసలు చిక్కంతా పేరు దగ్గరే, అదీ మన తెలుగువాళ్ళకి. మనకి ఇంటిపేరు ముందు, ఫారాలకి అది వెనక. మా ఇంట్లోనే చూడండి. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడివిడిగా శుభ్రంగా ఉన్నాయి. మా ఆవిడకి పుట్టింటి ఇంటిపేరే ఉంది. నాన్న పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, ఇంటిపేరుతో సహా మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే. ఎయిర్‌లైన్ వాళ్ళని అడిగితే రెండు గడుల్లోనూ అదే పేరు పెట్టమన్నారు. దాంతో టికెట్ మీద నాన్న పేరు రెండుసార్లు పడింది. నాన్న దాన్ని చూసి, "నాకు నేనే కొడుకునా?" అన్నారు. అమెరికా వీసాల మీద పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే ‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’ అని వచ్చినవాళ్ళ బాధ చాలా ఇళ్ళల్లో తెలిసిందే. యూఏఈ వాళ్ళు 2022 నవంబరులో ఒంటిపేరు పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద రావద్దన్నారు, తర్వాత రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరేనన్నారు. ఏ దేశానికైనా నేను పాటించేది ఒకటే. పేరుని మనం పిలిచేలా కాదు, పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున రెండు వరుసల్లో బాణం గుర్తులతో ఉండే రాత ఉంటుంది చూడండి, దాన్ని పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టాలి. ఇంకొకరి చేత చదివించాలి. రాసినవాడి కంటికి తన తప్పు ఆనదు.

ఇంత ఆయాసపడి వెళితే నోయి బాయ్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసర్ మాతో ఒక్క మాట మాట్లాడలేదు. వీసా ప్రింటు చూశాడు, అమ్మ ముఖం చూశాడు, స్టాంపు కొట్టాడు. అరైవల్ కార్డు నింపే పని కూడా లేదు. ఫోన్లో చూపిద్దామనుకోకుండా కాగితం ప్రింటు పట్టుకెళ్ళండి, రెండు కాపీలు. శంషాబాద్‌లోనూ కాగితమే అడిగారు, తిరుగు టికెట్ కూడా చూశారు.

హనోయ్‌లో పాతబస్తీలో దిగాం, హోవాన్ కియెమ్ చెరువుకి నడిచే దూరంలో. చూడటానికి చక్కటి చోటు, పెద్దవాళ్ళతో ఉండటానికి అంత చక్కనిది కాదు. ఇళ్ళన్నీ సన్నగా పైకి లేచినవి, హోటళ్ళూ అంతే. లిఫ్టులో ఇద్దరూ ఒక పెట్టె పడితే ఎక్కువ. బుక్ చేసినప్పుడు ‘కిటికీ లేదు’ అన్న చిన్న అక్షరాలు నేను చూడలేదు. అమ్మ గదిలో అడుగుపెట్టి, "ఇది గదా, బీరువానా?" అంది. రోజుకి మూడు లక్షల డాంగ్‌లు, అంటే మన వెయ్యి రూపాయలు అదనంగా ఇస్తే వీధివైపు గదిలోకి మార్చారు. దిగగానే రిసెప్షన్‌లో పాస్‌పోర్టులు తీసుకుంటారు, ఎవరు దిగారో పోలీసులకి తెలపాలి కాబట్టి. సాయంత్రానికి తిరిగి ఇచ్చేశారు. అడిగి తీసుకోండి, మరిచిపోయి హా లాంగ్ అఖాతానికి వెళ్ళిపోతే అక్కడ పడవ ఎక్కేటప్పుడు మళ్ళీ అవే కావాలి.

రోడ్డు దాటడం గురించి అందరూ చెబుతారు, నేనూ చెప్పకుండా ఉండలేను. బైకుల ఏరు అది. ఆగకుండా, పరిగెత్తకుండా, ఒకే నడకతో వెళ్ళాలి, వాళ్ళే మన చుట్టూ తిరిగి పోతారు. నాన్నకి రెండో రోజుకే పట్టుబడింది. "విజయవాడ బీసెంట్ రోడ్డులో నలభై ఏళ్ళు నడిచినవాణ్ణిరా" అన్నారు. ఆయనే మర్నాడు కొబ్బరిబోండాలకి ఇరవై వేల నోటనుకుని ఐదు లక్షల నోటు ఇచ్చారు. రెండూ నీలంగానే ఉంటాయి. ఆ బోండాలమ్మే ఆవిడ నవ్వి నోటు వెనక్కి ఇచ్చేసి, ఆయన పర్సులోంచే సరైనవి చూపించి తీసుకుంది. పెద్ద నోట్లు వేరే అరలో పెట్టుకోవడం ఆ రోజు నుంచి మొదలైంది.

హా లాంగ్ అఖాతంలో ఒక రాత్రి పడవలో ఉన్నాం, మనిషికి దాదాపు పదకొండు వేలు పడింది. మొత్తం ట్రిప్పులో డబ్బుకి తగ్గ విలువ ఇక్కడే. రాళ్ళ కొండలు నీళ్ళలోంచి నిటారుగా లేస్తాయి, పొద్దున్నే మంచులో ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ కనిపిస్తాయి. గది శుభ్రం, సిబ్బంది ఓపికమంతులు. నాన్న మాంసం, చేప ముట్టరని వారం ముందే రాస్తే టోఫు, ఉడికించిన కూరలు, అన్నం విడిగా పెట్టారు. చప్పగా ఉన్నాయి, ఆవకాయ డబ్బా ప్లాస్టర్ అక్కడే విప్పాం. వియత్నాంలో శాకాహారులు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ‘చాయ్’. మన టీ కాదు, శాకాహారమని అర్థం. ఆ బోర్డున్న చోట తినొచ్చు, లేనిచోట కూరగాయల వంటలో కూడా చేప సాసు పడుతుంది. అక్కడ చాలామంది చాంద్రమానం నెలలో మొదటి రోజూ, పదిహేనో రోజూ మాంసం మానేస్తారని గైడు చెబితే అమ్మకి ఆ దేశం మీద ఒక్కసారిగా గౌరవం పెరిగింది.

హోయ్ ఆన్‌కి మాత్రం నేను ఎక్కువ రోజులు పెట్టాల్సింది. హనోయ్‌లో గదికిచ్చిన డబ్బుకే ఇక్కడ ఊరికి కాస్త ఎడంగా, పొలాల పక్కన ఇంట్లో రెండు గదులు, కిటికీలు నాలుగువైపులా. ఆ ఇంటావిడే వంటచేసి పెట్టింది. నెలకోసారి చాంద్రమానం పద్నాలుగో రాత్రి పాతబస్తీలో కరెంటు దీపాలు తగ్గించి కాగితపు లాంతర్లు వెలిగిస్తారు, మేం ఉన్న రోజుల్లోనే అది వచ్చింది. జనం విపరీతం, అయినా వెళ్ళాలి. అక్కణ్ణించి పొద్దున్నే ‘మీ సన్’ అనే పాత గుళ్ళ చోటికి వెళ్ళాం. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చామ్ రాజులు నాలుగో శతాబ్దం నుంచి కట్టుకుంటూ వచ్చిన శివాలయాలు, ఎర్ర ఇటుకవి. 1969లో అమెరికా బాంబులకి చాలావరకు కూలాయి. మన పురావస్తు శాఖ వాళ్ళు ఇక్కడ కొన్ని గుడులు బాగుచేశారు, 2020లో ఆ పనిలోనే తొమ్మిదో శతాబ్దపు ఇసుకరాతి శివలింగం బయటపడింది. నాన్న ఒక శాసనం ముందు చాలాసేపు నిలబడ్డారు. భాష సంస్కృతం, లిపి దక్షిణాది నుంచి వెళ్ళినదే. ఒక్క అక్షరమైనా పట్టుకోవాలని చూశారు, దొరకలేదు. ఎండ చాలా గట్టిది, ఎనిమిది లోపు చేరుకోకపోతే పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి. బంగారు వంతెన ఉన్న బా నా కొండలకి మేం వెళ్ళలేదు. టికెట్ తొమ్మిది లక్షల డాంగ్‌ల పైమాటే, అంత ఇచ్చి క్యూలో నిలబడటానికి ఎవరికీ మనసు రాలేదు.

వచ్చేటప్పుడు బ్యాంకాక్‌లో ఒక రాత్రి ఆగాం. మేం వెళ్ళినప్పుడు మన పాస్‌పోర్టుకి థాయ్‌లాండ్‌లో వీసా లేకుండా 60 రోజులు. వీసా లేదు కదా అని ఊరికే వెళ్ళడానికి లేదు. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి, దిగడానికి మూడు రోజుల లోపు నింపాలి. డబ్బు కట్టక్కర్లేదు, కట్టమన్న సైటు అసలుది కాదు. హోయ్ ఆన్ ఇంట్లో కూర్చుని నలుగురివీ నింపాను. అమ్మ పక్కన కూర్చుని పాస్‌పోర్టు పట్టుకుని, "బి, ఇంకో బి" అని చదివి వినిపించింది.

ఇంటికొచ్చాక నాన్న పాస్‌పోర్టు మార్పించాలని కూర్చున్నాం. వివరాల మార్పుతో రీఇష్యూ, 36 పేజీలదానికి 1,500 రూపాయలు. ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్టు, పెన్షన్ కాగితాలు బల్లమీద పెట్టుకున్నారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, సర్టిఫికెట్టులో ఒట్టి పొడి అక్షరం, పెన్షన్ కాగితాల్లో అసలు లేదు. నాన్న ఫారం ముందుకు లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి గడి దగ్గరే పెన్ను ఆపారు. "ముందు పేరే రాయమంటున్నాడేంట్రా, ఇంటిపేరు ఎక్కడ?"