కూనో చీతాల మీద నిఘా: కోర్టు కమిటీ మేలా, శాఖ కమిటీ మేలా?

చీతాను మళ్లీ తెచ్చుకున్నామని సంబరపడ్డాం గానీ, మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కులో దిగినవి ఒకప్పుడు మన దగ్గర తిరిగిన ఆసియా చీతాలు కావు, ఆఫ్రికావి. ఈ తేడాను ప్రధానంగా ఎత్తిచూపుతూనే సుప్రీంకోర్టు 2013లో వద్దంది. 2020 జనవరిలో మాత్రం ప్రయోగంగా చేసి చూడమంది. ప్రయోగం అన్నాక పైనుంచి చూసేవాళ్లు ఉండాలి కదా. ఇప్పటికి రెండు పద్ధతులు చూశాం.

మొదటిది కోర్టు వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ. చీతా ప్రాజెక్టును నడిపే జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ దాని సలహా మీదే నడవాలి, కమిటీ నాలుగు నెలలకోసారి కోర్టుకు నివేదిక ఇవ్వాలి. 2023 మార్చిలో ఆ కట్టుబాటును కోర్టే తీసేసింది. మేలో కేంద్రం 11 మందితో స్టీరింగ్ కమిటీ వేసుకుంది. ఇది రెండోది.

రోజువారీ పనికి రెండోదే నయం. చీతా జబ్బుపడితే గంటల్లో నిర్ణయం కావాలి, నాలుగు నెలల నివేదిక దానికి ఏం పనికొస్తుంది? పైగా కోర్టు కమిటీ కూడా పూర్తిగా తటస్థమేమీ కాదు. అందులోని వన్యప్రాణి నిపుణుడు ఎం.కె. రంజిత్‌సింహ్ చీతాలు రావాలని ఏళ్ల తరబడి వాదించినవారే.

కానీ చెడ్డ వార్త వచ్చినప్పుడు? 2023 జూలైలో చీతాలు చనిపోతుంటే, మెడ దగ్గర పుండ్లకు, అవి ఎక్కడున్నాయో తెలిపే రేడియో కాలర్లు (మెడపట్టీలు) కారణమన్న అనుమానం వచ్చింది. దానికి ఆధారం లేదని, అవి సహజ మరణాలని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ చెప్పింది. తర్వాత ఆ ప్రాజెక్టువాళ్లే చీతాలను పట్టి కాలర్లు తీయించారు. తమను పక్కన పెడుతున్నారని ఆఫ్రికా నిపుణులు కొందరు సుప్రీంకోర్టుకే లేఖ రాశారు. కూనో చీతాల, వాటి పిల్లల సమాచారం అడిగితే మధ్యప్రదేశ్ అటవీ శాఖ దేశభద్రత సాకు చూపి ఇవ్వలేదని 2024లో వార్త. చీతా పిల్లల లెక్కకూ దేశభద్రతకూ సంబంధమేమిటో! ప్రాజెక్టు నడిపే శాఖే దాన్ని సమీక్షించే కమిటీని వేసుకుంటే ఇంతే.

కాబట్టి నా ఓటు మొదటిదానికే, ఒక మార్పుతో. రోజువారీ వ్యవహారం శాఖకే వదిలేయాలి. బయటి కమిటీ చేతిలో మాత్రం రెండు అధికారాలు ఉండాలి: ఆపమనడం, పోస్ట్‌మార్టం నివేదికలు బయటపెట్టడం. 2025 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోనే ఉన్న గాంధీసాగర్ అభయారణ్యానికి కూడా చీతాలను తరలించారు, కాబట్టి ఇది పాతబడిన ప్రశ్న కాదు.

చీతా విషయంలో ఒక వెసులుబాటు ఉంది, తప్పు జరిగితే వెనక్కి పట్టుకోవచ్చు. పురుగులతో అది కుదరదు. వయ్యారిభామ అనే కలుపు మొక్కను తినడానికి 1983లో మెక్సికో నుంచి బెంగళూరుకు పెంకుపురుగును తెచ్చి, మరుసటేడు వదిలారు. కొన్నేళ్లకు అది పొద్దుతిరుగుడు మీద కనిపించి రైతుల్లో టెన్షన్ మొదలయ్యాక కమిటీ కూర్చుంది. అలాంటి జీవి విషయంలో ఏ కమిటీ అయినా గేటు తీయకముందే కూర్చోవాలి.