నల్లగొండ థైరాయిడ్ క్లినిక్: ఏడు నెలల వైద్యం తర్వాత నా అభిప్రాయం

హైదరాబాద్ నుంచి వారానికి ఒక్కరోజు నల్లగొండకు వచ్చి చూసే ఎండోక్రినాలజీ (హార్మోన్ల వైద్యం) డాక్టరమ్మ దగ్గర ఏడు నెలలుగా వైద్యం చేయించుకుంటున్నాను. మాది దేవరకొండ వైపు. థైరాయిడ్ అనగానే గొంతు వాపు, బరువు, జుట్టు రాలడం గుర్తుకు వస్తాయే తప్ప, భార్యాభర్తల మధ్య దూరానికీ అది కారణం కావచ్చని మా వైపు ఆడవాళ్లకు ఎవరూ చెప్పరు కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

రెండేళ్లుగా నాకు కలయిక మీద ఆసక్తి లేకుండా పోయింది. యోని పొడిబారి నొప్పి ఉండేది, నెలసరిలో రక్తస్రావం ఎక్కువయ్యేది. అంతకుముందు చూపించుకున్న ఒక ఆసుపత్రిలో "ఇద్దరు పిల్లలు పుట్టాక అంతే" అని ఐరన్, కాల్షియం మాత్రలు రాసి పంపించారు. ఇక్కడి డాక్టరమ్మ మాత్రం నాతో వచ్చిన మా వదినను బయట కూర్చోమని చెప్పి, "అమ్మా, మీ ఇద్దరి మధ్య ఎట్లున్నది? కలిసినప్పుడు నొప్పి ఉంటున్నదా?" అని నెమ్మదిగా అడిగారు. అప్పటిదాకా ఏ డాక్టరూ నన్ను ఆ మాట అడగలేదు.

థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్షలో 18 వచ్చింది. మామూలుగా అది 4, 5 దాటకూడదు; అంతకన్నా ఎక్కువుంటే థైరాయిడ్ హార్మోను తగ్గినట్టు. థైరాయిడ్ హార్మోను తగ్గినప్పుడు గ్రంథిని పనిచేయించడానికి మెదడు పంపే సంకేతమే ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోను)ను కూడా పెంచగలదని, అది పెరిగితే అండం విడుదల, కోరిక రెండూ తగ్గవచ్చని, దానికి అలసట, దిగులు తోడవుతాయని ఆమె కాగితం మీద బొమ్మ గీసి వివరించారు. థైరాయిడ్ హార్మోను ఎక్కువైనవారికి గుండెదడ, ఆందోళనతో పాటు నెలసరి తగ్గడం, కోరిక సన్నగిల్లడం ఉండవచ్చునట.

థైరాయిడ్ హార్మోను లోటు తీర్చే లివోథైరాక్సిన్ మాత్ర 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయించి 75కు పెంచారు. పరగడుపున మంచినీళ్లతో వేసుకొని అరగంట నుంచి గంట వరకు చాయ్ తాగవద్దని, పాత ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలని చెప్పారు. నాలుగో నెలకు నొప్పి చాలావరకు తగ్గింది, నెలసరి కుదుటపడింది. ఆసక్తి మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. మాత్ర ఒక్కటే అన్నీ సరిచేయదని ముందే చెప్పి, పొడిదనానికి జెల్ రాసిచ్చి, మా ఆయనను కూడా తీసుకురమ్మన్నారు. ఇన్నాళ్లూ నాకు తన మీద కోపమనుకున్నానని ఆయన ఆ గదిలోనే మొదటిసారి చెప్పారు.

లోపాలూ ఉన్నాయి. టోకెన్ తీసుకున్నా మూడు గంటలు కూర్చోవలసి వచ్చింది. అంతకన్నా బాధించినది, గదికి తలుపు బదులు పరదా ఉండడం. లోపలి మాటలు బయట బెంచీ దాకా వినిపిస్తాయి, అందుకే నా ముందు వెళ్లిన ఒక అమ్మాయి ఏమీ చెప్పకుండానే లేచి వచ్చేసిందని నాకు అనిపించింది. తలుపు పెట్టించమని రిసెప్షన్‌లో రాసిచ్చి వచ్చాను.