క్యూజీఐఎస్‌లో స్క్రిప్టుతో ఫిల్టర్ చేయడం: రెండు వానాకాలాలు గెడ్డల పనికి వాడాక నా రివ్యూ

మాది సిరిపురం దగ్గర చిన్న సర్వే ఆఫీసు, మనుషులం నలుగురం. వానలకి ముందు విశాఖలో గెడ్డలు, కాలువలు, కల్వర్టులు ఏవి ఎంత పూడుకుపోయాయో కొలిచి వార్డు వారీగా మ్యాపులూ లిస్టులూ చేసి ఇవ్వడం మా పనుల్లో ఒకటి. ఈ ఊరి సంగతి తెలిసిందే, ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం, కొండ మీద పడిన నీళ్ళు కిందికి దిగడానికి మధ్యలో ఉన్న దారి ఈ గెడ్డలే. ఒక్క కల్వర్టు మూసుకుపోయిందంటే ఆ పక్క వీధిలో వాళ్ళు రాత్రికి రాత్రి బియ్యం బస్తాలు మంచం మీదికి ఎక్కించుకోవాలి. అందుకే మా లిస్టులోంచి ఒక్క కల్వర్టు జారిపోయినా నాకు నిద్ర పట్టదు, ఈ రివ్యూ ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే.

క్యూజీఐఎస్ గురించి తెలియని వాళ్ళకి ఒక్క ముక్క: మ్యాపుల పనికి వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టాడు, పూర్తిగా ఉచితం. మా లాంటి చిన్న ఆఫీసు బతికేది దాని మీదే. నేను మాట్లాడేది అందులో ఒకే ఒక్క పని గురించి, అంటే అట్రిబ్యూట్ టేబుల్లో (మ్యాపు వెనకుండే పట్టికలో) ఉన్న విలువని బట్టి లేయర్లో, అంటే మ్యాపులో ఒక పొరలో, కొన్ని ఫీచర్లని (మాకైతే ఒక్కో కల్వర్టూ, ఒక్కో గెడ్డా ఒక ఫీచర్) మాత్రమే బయటికి తీయడం, అదీ మౌసుతో కాకుండా పైథాన్ స్క్రిప్టుతో, అంటే పైథాన్ భాషలో రాసుకున్న చిన్న ప్రోగ్రాంతో.

మౌసుతో ఎందుకు వద్దన్నానో చెప్తాను. మౌసుతో చేయడం నిజానికి చాలా సులువే. లేయర్ మీద రైట్ క్లిక్ కొట్టి ఫిల్టర్ అనండి, లేదా కంట్రోల్ ఎఫ్ నొక్కండి, ఒక బాక్సు వస్తుంది, "పూడిక" > 50 అని రాసి ఓకే అంటే సగం పైన పూడినవి మాత్రమే మిగులుతాయి. ఒకసారికి అది చాలు. కానీ మన కార్పొరేషన్‌లో వార్డులు 98. ఒక్కో వార్డుకి ఫిల్టర్ పెట్టి, లిస్టు సేవ్ చేసి, పేరు మార్చి, మళ్ళీ ఫిల్టర్ మార్చి... మొదటి ఏడాది నేనూ మా జూనియరూ వంతులేసుకుని చేస్తే రెండు రోజులు పట్టింది, చివరికి ఒక వార్డు రెండుసార్లు వచ్చి ఇంకో వార్డు అసలు రాలేదు. స్క్రిప్టులో అదే పని టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. రేపు సర్వే వాళ్ళు నాలుగు కొలతలు మారిస్తే మళ్ళీ రన్ కొట్టడమే. ఈ ఒక్క సుఖానికే నేను దీనికి ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక్కడ కొత్తవాళ్ళు తికమక పడే చోటు ఒకటుంది. “ఫిల్టర్” అని మనం అనుకునే పనికి స్క్రిప్టులో మూడు దారులున్నాయి, మూడూ వేరు.

మొదటిది సెట్‌సబ్‌సెట్‌స్ట్రింగ్. మౌసుతో పెట్టే ఫిల్టర్ ఇదే. షరతుకి సరిపోనివి మ్యాపులోంచీ టేబుల్లోంచీ కూడా కనపడకుండా పోతాయి, ఎక్స్‌పోర్ట్ చేస్తే మిగిలినవే వెళ్తాయి. లేయర్ పేరు పక్కన చిన్న గరాటు గుర్తు వస్తుంది. ప్రాజెక్టు సేవ్ చేస్తే ఫిల్టర్ కూడా దానితోనే సేవ్ అవుతుంది, కాబట్టి పని అయ్యాక ఖాళీ స్ట్రింగ్ (ఏమీ రాయని షరతు) పంపి తీసేయడం మర్చిపోకూడదు. రెండోది సెలెక్ట్‌బైఎక్స్‌ప్రెషన్. ఇది దేన్నీ దాచదు, సరిపోయినవాటిని పసుపు రంగులో చూపిస్తుంది అంతే. ఎదురుగా కూర్చున్న ఇంజనీరు గారికి స్క్రీన్ మీద చూపించాలంటే ఇదే బాగుంటుంది, చుట్టూ మిగతా గెడ్డలు కూడా కనపడుతుంటాయి కదా. మూడోది ఫీచర్ రిక్వెస్టుతో గెట్‌ఫీచర్స్ పిలవడం. స్క్రీన్ మీద ఏమీ మారదు, లేయర్ అలాగే ఉంటుంది, స్క్రిప్టు మాత్రం తనకి కావలసిన ఫీచర్లని చదువుకుంటుంది. లెక్కలకీ లిస్టులకీ ఇప్పుడు నేను ఎక్కువగా వాడేది ఇదే. జామెట్రీ (మ్యాపు మీది ఆకారం) అక్కర్లేదు, ఫలానా ఫీల్డులే (టేబుల్లో నిలువు వరసలే) చాలు అని కూడా చెప్పవచ్చు, మా పాత లాప్‌టాప్ మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, లేయర్ మీద ముందే సబ్‌సెట్ ఫిల్టర్ ఉంటే ఈ మూడో దారిలో కూడా ఆ మిగిలినవే వస్తాయి.

ఇంకో ముఖ్యమైన తేడా: సబ్‌సెట్ ఫిల్టర్ నేరుగా డేటా ఉన్న చోటికి వెళ్తుంది, అంటే ఆ ఫైలు లేదా డేటాబేస్ భాషలో రాయాలి. మిగతా రెండూ క్యూజీఐఎస్ సొంత ఎక్స్‌ప్రెషన్ భాషలో నడుస్తాయి. ఎక్సెల్ షీటు జాయిన్ చేసి తెచ్చుకున్న ఫీల్డు సబ్‌సెట్ ఫిల్టర్‌కి అందదు, ఎక్స్‌ప్రెషన్‌కి అందుతుంది. ఇది తెలియక నేను ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాను.

ఇక మా తప్పు ఒకటి చెప్తాను, ఇంకొకరికి జరగకూడదని. నిరుడు వార్డుల స్క్రిప్టు రాసి రన్ కొట్టాను, 98 ఫైళ్ళూ వచ్చాయి, ఎర్రర్ ఒక్కటీ లేదు. పది వార్డులవి పంపించేశాం కూడా. మర్నాడు పొద్దున్నే పని తీసుకున్న కాంట్రాక్టరు గారి ఫోన్, “ఏమండీ, మధురవాడ లిస్టులో గాజువాక కల్వర్టు ఎందుకుందండీ?” అని. తెరిచి చూస్తే ప్రతి ఫైలులోనూ ఊరు మొత్తం ఉంది. ఏమైందంటే, అంతకుముందు మా జూనియర్ ఏదో కొలత దిద్దుతూ పెన్సిల్ గుర్తు (ఎడిట్ మోడ్ బటన్) ఆన్‌లో వదిలేశాడు, నేను చూసుకోలేదు. లేయర్ ఎడిట్ మోడ్‌లో ఉంటే సెట్‌సబ్‌సెట్‌స్ట్రింగ్ పనిచేయదు, స్క్రిప్టుకి “ఫాల్స్” అని జవాబిచ్చి ఊరుకుంటుంది. స్క్రిప్టు ఆగదు. ఆ జవాబు చూడమని నేను రాయలేదు కాబట్టి 98 సార్లూ ఫిల్టర్ పడకుండానే ఫైళ్ళు తయారయ్యాయి. పంపిన పది లిస్టులూ వెనక్కి తీసుకుని, క్షమాపణ చెప్పి, మళ్ళీ చేసిచ్చాం. ఆ రోజంతా టెన్షనే. అప్పట్నుంచి ఫిల్టర్ పెట్టిన ప్రతి లైను తర్వాతా జవాబు ట్రూ కాకపోతే అక్కడే ఆగిపొమ్మని రాస్తున్నాను, రెండు లైన్ల పని. మార్కులు తగ్గించేది కూడా ఇక్కడే. మౌసుతో పనిచేసేవాడికి ఎడిట్ మోడ్‌లో ఫిల్టర్ మెనూ నొక్కడానికి వీలుండదు, వెంటనే అర్థమవుతుంది. స్క్రిప్టు రాసేవాడికి కూడా గట్టిగా ఒక ఎర్రర్ చూపిస్తే ఎంత మేలు.

కానీ దానికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఖాళీలు. మా టేబుల్లో “తీశారా” అని ఒక ఫీల్డు ఉంది, పూడిక తీశారా లేదా అని. తీసినవి కావాలంటే "తీశారా" = 'అవును', తీయనివి కావాలంటే "తీశారా" <> 'అవును' అని రాశాను. రెండు లిస్టులూ చక్కగా వచ్చాయి. ఎందుకో అనుమానం వచ్చి రెండూ కలిపి చూస్తే మొత్తం లెక్కకి సరిపోలేదు. తక్కువైనవి ఏవంటే, సర్వే కుర్రాళ్ళు దగ్గరికి వెళ్ళలేక ఆ గడి ఖాళీగా వదిలేసినవి. ఖాళీ అంటే నల్ అన్నమాట, నల్‌ని దేనితో పోల్చినా అవునూ కాదు, కాదూ కాదు, కాబట్టి రెండు లిస్టుల్లోనూ రాదు. మనిషి వెళ్ళలేని చోటంటే పొదలు మూసేసిన చోటు, గోడ కట్టేసిన చోటు. అంటే అందరికంటే ముందు చూడాల్సిన కల్వర్టులే ఎవరి లిస్టులోనూ లేకుండా పోతున్నాయి! ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, ఎస్‌క్యూఎల్ (డేటాబేసుల భాష) అంతటా ఇదే నియమం. షరతులో “లేదా ఈజ్ నల్” అని ఒక ముక్క కలిపితే సరిపోతుంది. నల్‌తో సమానమా అని = గుర్తు పెట్టి అడిగితే మాత్రం ఒక్కటీ రాదు, ఈజ్ నల్ అనే అడగాలి. ఇప్పుడు మా స్క్రిప్టు ముందు ఫిల్టర్ తీసేసి మొత్తం ఎన్నో లెక్కపెట్టుకుంటుంది, చివర్లో అన్ని వార్డుల లెక్కలూ కూడి దానితో పోలుస్తుంది, ఒక్కటి తేడా వచ్చినా ఫైలు బయటికి పోదు.

వార్డు నంబరు ఫీల్డు టెక్స్టుగా ఉందా అంకెగా ఉందా అన్నది కూడా ముందే చూసుకోవాలి. మాకు వచ్చిన జియోప్యాకేజీలో (మ్యాపు డేటా దాచే ఒక రకం ఫైలు) అది టెక్స్టు. సబ్‌సెట్ ఫిల్టర్‌లో 9 కంటే పెద్ద వార్డులు ఇవ్వమని అడిగితే 90 నుంచి 98 దాకా మాత్రమే వచ్చాయి! అక్షరాల వరసలో “10” అనేది “9” కంటే ముందుంటుంది మరి. అలాగే 7 అని అడిగితే “07” అని రాసినవి రావు. కొటేషన్ల విషయం ఒక్కసారి నేర్చుకుంటే చాలు, ఫీల్డు పేరుకి డబుల్, టెక్స్టు విలువకి సింగిల్. ఇంగ్లీషులో పేర్లు రాసుకునే వాళ్ళకి ఇంకో చిక్కు ఉంది, షేప్‌ఫైలు (మ్యాపు డేటా దాచే ఇంకో పాత రకం ఫైలు) మీద సబ్‌సెట్ ఫిల్టర్‌లో = గుర్తు పెద్దక్షరాలు చిన్నక్షరాల తేడా పట్టించుకోదు, జియోప్యాకేజీలో పట్టించుకుంటుంది. ఫైలు మార్చగానే అదే స్క్రిప్టు తక్కువ ఫీచర్లు ఇస్తే కంగారు పడకండి, ముందు అది చూడండి.

తెలుగులో డేటా పెట్టుకునే వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది నాకెవరూ చెప్పలేదు. మేం ఫీల్డు పేర్లు, విలువలు అన్నీ తెలుగులోనే పెట్టుకున్నాం, జియోప్యాకేజీలో హాయిగా నడుస్తుంది, "రకం" = 'గెడ్డ' అని రాస్తే గెడ్డలన్నీ వచ్చేస్తాయి. షేప్‌ఫైలులో మాత్రం పెట్టకండి. అందులో ఫీల్డు పేరుకి 10 బైట్లే చోటు, కంప్యూటర్ అక్షరాలని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకీ తలా 3 బైట్లు, అంటే “రకం” పడుతుంది గానీ “పూడిక” పట్టదు. ఇంకా నన్ను ఒక రోజంతా తిప్పలు పెట్టింది “డాబా గార్డెన్స్”. కంటికి ఒకేలా ఉన్న రెండు వరసలు, ఒకటి ఫిల్టర్‌లో వస్తుంది, ఇంకోటి రాదు. చివరికి తేలింది, ఒకదాంట్లో ఆఖరి పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది, కొన్ని తెలుగు కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి. ఇప్పుడు ఫిల్టర్ చేసేముందే ఆ అక్షరాన్నీ, చివర ఖాళీ స్పేసుల్నీ స్క్రిప్టుతోనే తీసేస్తున్నాం. గెడ్డని ఒకరు కాలువ అనీ ఇంకొకరు డ్రైన్ అనీ రాస్తే మాత్రం ఏ స్క్రిప్టూ పసిగట్టలేదు, మూడు పేర్లూ షరతులో మనమే పెట్టాలి.

ఎవరికి అక్కర్లేదో కూడా చెప్తాను. వార్డుకో మ్యాపు ప్రింటు తీయడమే పనైతే క్యూజీఐఎస్‌లోనే అట్లాస్ అనే సదుపాయం ఉంది, స్క్రిప్టు జోలికి వెళ్ళకండి. ఒక్కసారి చేసి వదిలేసే పనైతే మౌసే నయం. ఆర్క్‌జీఐఎస్ కొనగలిగిన ఆఫీసుల్లో ఇదే పనిని డెఫినిషన్ క్వెరీ అంటారు, దానికీ పైథాన్ ఉంది, కానీ లైసెన్సు కట్టాలి. మీ పని ప్రతి ఏటా, ప్రతి నెలా తిరిగొచ్చేదైతే మాత్రం ఇది నేర్చుకోండి. కంట్రోల్ ఆల్ట్ పీ నొక్కితే స్క్రిప్టు రాసే పైథాన్ కన్సోల్ తెరుచుకుంటుంది, మొదట ఒక్క లేయర్ మీద ఒక్క షరతు పెట్టి ఎన్ని వచ్చాయో లెక్క చూడండి, తర్వాతే లూప్ (అదే పనిని వరసగా అన్ని వార్డులకీ చేసే ముక్క) రాయండి. అసలు ఫైలు మీద కాకుండా కాపీ మీద మొదలుపెడితే ఇంకా మంచిది.

నా మార్కులు అయిదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది ఎడిట్ మోడ్‌లో చప్పుడు చేయకుండా ఫాల్స్ ఇచ్చినందుకే.

వచ్చే వారం మధురవాడ వైపు సర్వే మొదలుపెడుతున్నాం. ఈసారి కుర్రాళ్ళ ఫోన్లలో ఫారం మార్చాను, “తీశారా” దగ్గర గడి ఖాళీగా వదలడానికి లేదు, అవును, కాదు, దగ్గరికి వెళ్ళలేకపోయాం, ఈ మూడింట్లో ఒకటి నొక్కాల్సిందే. స్క్రిప్టు అన్నిటికంటే ముందు తీసేది ఆ మూడో లిస్టునే.