ఆడగుర్రాల కవల చూలు: ఒక పశువైద్యశాల సేవపై సమీక్ష

మా శాలలోని ఆడగుర్రాలను ఎదకు వచ్చింది మొదలు చూలు నిలిచే వరకు ఒకే పునరుత్పత్తి వైద్యశాలకు అప్పగిస్తూ వస్తున్నాం. ఆ వైద్యశాల చేసే పనులలో కవల చూలును కనిపెట్టి ఒక్క పిండానికి తగ్గించే సేవ గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. మగగుర్రంతో దాటించడం, చూలు నిర్ధారించడం చాలాచోట్ల బాగానే జరుగుతాయి; ఒక వైద్యుడికి గుర్రం చూలు ఎంత లోతుగా తెలుసో తేలేది మాత్రం కవలలు పడినప్పుడే.

మేకకు రెండు పిల్లలు పుడితే యజమాని సంతోషిస్తాడు గానీ, గుర్రానికి కవలలు దాదాపు ఎప్పుడూ నష్టమే. గుర్రం మాయ గర్భాశయం లోపలి పొరకంతటికీ అంటుకుని పెరుగుతుంది. ఒక్క పిల్ల నిండుగా ఎదగడానికే ఆ పొర మొత్తం అవసరమవుతుంది. పిండాలు రెండైతే ఆ చోటును పంచుకోక తప్పదు. తక్కువ భాగం దక్కినది పోషణ చాలక చనిపోవడం, దాని వెంటే రెండోది కూడా పోవడం, ఏడెనిమిది నెలలు మోసిన తరువాత తల్లి ఈసుకుపోవడం (గర్భస్రావం కావడం) సాధారణంగా జరిగే క్రమం. సుమారు 340 రోజుల గడువు దాకా నిలిచి ప్రాణాలతో పుట్టిన కవలలు కూడా చాలావరకు బక్కగా, లేచి పాలు తాగలేనంత నీరసంగా ఉంటాయి. తల్లికి కష్టమైన ఈత, మాయ పడకపోవడం, మళ్లీ చూలు కట్టడంలో ఆలస్యం వంటి బాధలు అదనం. 1980 తరువాత మలాశయం గుండా చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్ వాడుకలోకి రాకముందు, అంటువ్యాధులతో సంబంధం లేని గర్భస్రావాలకు కవలలే ప్రధాన కారణంగా ఉండేవి.

ఈ వైద్యశాలలో నాకు అన్నిటికన్నా నచ్చింది, కవలల కోసం వెతకడం దాటించకముందే మొదలుపెట్టడం. గుర్రాలలో కవలలు దాదాపు అన్నీ రెండు అండాలు విడుదల కావడం వల్లనే ఏర్పడతాయి, థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రాలలో ఇది మరింత ఎక్కువ. అందువల్ల ఎద సమయంలో రెండు అండాశయాలనూ చూసి, ఎదుగుతున్న అండపుటికలు (అండం పెరిగే తిత్తులు) ఎన్ని ఉన్నాయో, ఎంత పరిమాణంలో ఉన్నాయో రాసిపెడతారు. ఒక అండం విడుదలైందని తేలిన తరువాత కూడా రెండోది ఒకటి రెండు రోజుల్లో విడుదలవుతుందేమో మళ్లీ చూస్తారు. రెండు పెద్ద అండపుటికలు కనిపించాయని భయపడి ఆ ఎదను వదిలేయమని వీరు చెప్పరు. రెండు అండాలుంటే కనీసం ఒక్కటైనా చూలుగా నిలిచే అవకాశం పెరుగుతుంది, కవలలైతే తగ్గించే దారి ఉండనే ఉంది అన్నది వారి వాదన. దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. గర్భాశయంలో ముందునుంచే నీటితిత్తులు ఉంటే వాటి చోటునూ కొలతనూ కూడా అప్పుడే నమోదు చేస్తారు. రెండు వారాల తరువాత తెర మీద కనిపించే నల్లని గుండ్రం పిండమా, పాత నీటితిత్తా అని తేల్చుకోవడానికి ఆ నమోదు ఎంత ఉపయోగపడుతుందో అనుభవం ఉన్నవారికి తెలుసు. పిండమైతే కదులుతుంది, పెరుగుతుంది. నీటితిత్తి ఆ కొద్ది రోజుల్లో ఉన్నచోటే, ఉన్నంతే ఉంటుంది.

అండం విడుదలైన రోజు నుంచి లెక్కించి 14వ రోజున మొదటి స్కానింగ్ చేస్తారు. అప్పటికి పిండతిత్తి (పిండం ఉండే నీటి సంచి) సుమారు 15 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. సుమారు 16వ రోజు వరకు అది గర్భాశయమంతటా తిరుగుతూనే ఉంటుంది. ఒక తిత్తి కనిపించగానే చూలు కట్టిందని చెప్పి పని ముగించే వైద్యులను చూశాను. ఇక్కడ ఒకటి దొరికిన తరువాత కూడా గర్భాశయపు రెండు కొమ్ములను (చెరోవైపు చీలిన పాయలను) కొసల దాకా, ఆపైన గర్భాశయ ముఖద్వారం వరకు నిదానంగా చూస్తారు. రెండో అండం ఆలస్యంగా విడుదలై ఉంటే దాని తిత్తి చిన్నదిగా ఉండి కంటికి దొరకకపోవచ్చు కనుక, మొదటిసారి ఒక్కటే కనిపించినా ఒకటి రెండు రోజుల తరువాత మరోసారి రమ్మంటారు. ఈ రెండో పరీక్షను అనవసరపు ఖర్చుగా భావించే యజమానులున్నారు. నా దృష్టిలో మొత్తం సేవలో అత్యంత విలువైనది అదే.

మా గుర్రానికి కవలలు బయటపడినప్పుడు రెండు తిత్తులూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. వైద్యుడు తొందరపడకుండా గుర్రాన్ని కాసేపు నడిపించి మళ్లీ చూశారు. అవి విడిపోయాక చిన్నదాన్ని కొమ్ము కొస వైపు మెల్లగా జరిపి చిదిమారు. తిత్తులు ఇంకా కదిలే దశలో, చేయి తిరిగిన వైద్యుడు ఈ పని చేస్తే 90 శాతానికి పైగా గుర్రాలలో రెండో పిండం నిలుస్తుంది. వాపును, చూలును పోగొట్టగల ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం విడుదలను అదుపు చేయడానికి ఫ్లూనిక్సిన్ అనే మందు ఇచ్చారు. ఒక ప్రాణాన్ని ఆపి మరొకదాన్ని నిలపడం మనసుకు భారమైన విషయమే. ఆ భారాన్ని తేలిక చేసి మాట్లాడకుండా, రెంటినీ వదిలేస్తే ఏం జరుగుతుందో ఓపికగా వివరించి మా అంగీకారం తీసుకున్న తీరును నేను గౌరవిస్తాను. తరువాత సుమారు 25వ రోజున గుండె కొట్టుకోవడాన్ని తెర మీద చూపించి, మిగిలిన పిండం సజావుగా ఉందని నిర్ధారించారు.

తిత్తులు కదిలే దశ దాటాక వచ్చిన గుర్రాల విషయంలోనూ వీరి సలహా నిజాయితీగా ఉంటుంది. రెండు తిత్తులూ ఒకే కొమ్ములో పక్కపక్కన నాటుకుంటే ఒకటి దానంతటదే కరిగిపోయే అవకాశం బాగా ఉంటుంది కనుక కొద్ది రోజులు వేచి చూడవచ్చు. చెరొక కొమ్ములో నాటుకుంటే ఆ అవకాశం చాలా తక్కువ, అయితే ఒకదాన్ని చిదిమినా రెండోదానికి దెబ్బ తగలడం అరుదు. ఏ నిర్ణయమైనా 35వ రోజులోపే జరగాలని వీరు గట్టిగా చెబుతారు. ఆ తరువాత గర్భాశయపు పొరలో ఏర్పడే కప్పుల వంటి కణజాలం హార్మోనును విడుదల చేస్తూనే ఉంటుంది. పిండాలు రెండూ పోయినా గుర్రం నెలల తరబడి మళ్లీ చూలు కట్టే ఎదకు రాదు, ఆ ఋతువంతా చేజారిపోతుంది. రెండు మూడు నెలల చూలులో పిండం మెడ ఎముకను సంధి తప్పించడం, నాలుగో నెల ప్రాంతంలో పొట్ట గోడ గుండా పిండం గుండెలోకి పొటాషియం క్లోరైడ్ ఎక్కించడం వంటి పద్ధతులు ఉన్నా, వాటి ఫలితం తొలి రోజుల చిదమడంతో పోల్చదగినది కాదు. తాము వాటిని చేయబోమని ముందే చెప్పి, చేసే నిపుణుల వద్దకు పంపిస్తామన్నారు.

లోపాలు కూడా ఉన్నాయి. సెలవు రోజుల్లో స్కానింగ్ లేకపోవడం వాటిలో పెద్దది. 14వ రోజు ఆదివారం వచ్చిందని పరీక్షను రెండు రోజులు జరిపితే, తిత్తులు నాటుకునే దశ దగ్గరపడి పని కష్టమవుతుంది. దాటించే ఋతువులో ఇలాంటి సేవ వారమంతా నడవాల్సిందే. ఇచ్చే నివేదికలోనూ ఒక్క చూలు నిలిచిందన్న ముక్క తప్ప తిత్తి కొలత, అది ఏ కొమ్ములో నాటుకుందన్న వివరం, స్కానింగ్ చిత్రం ఉండవు. గుర్రం మరో వైద్యుడి చేతికి వెళ్లినప్పుడు, లేదా నెలలు నిండకుండానే పొదుగు దిగి పాలు కారి అనుమానం పుట్టినప్పుడు, ఆ వివరాలే మొదట అడుగుతారు.

ఇక్కడికి గుర్రాన్ని పంపేవారు దాటించిన తేదీతో సరిపెట్టుకోకుండా అండం విడుదలైన తేదీని రాయించుకుని, మొదటి స్కానింగ్ నాడే రెండోదానికి సమయం తీసుకోవడం మంచిది. వచ్చే ఋతువుకూ మా గుర్రాలను వీరి వద్దకే పంపుతాం. సెలవు రోజున ఎవరు చూస్తారన్నది మాత్రం ముందే అడిగి తేల్చుకుంటాం.