బైక్ విండ్‌షీల్డ్‌కి షీట్ కొంటున్నారా? పాలీకార్బొనేట్ అని యాక్రిలిక్ అంటగడుతున్నారు, జాగ్రత్త

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ప్లాస్టిక్ షీట్లు అమ్మే ఆ షాపు మీలో చాలామందికి తెలిసిందే. ఇప్పుడే అక్కడి నుంచి వచ్చి రాస్తున్నాను, ఒళ్లు మండిపోతోంది.

నా హిమాలయన్ బైక్ విండ్‌షీల్డ్ కింది స్క్రూ దగ్గర పగిలింది. పాతదాని కొలతలతో ఇంట్లోనే కొత్తది చేసుకుందామని 3 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ (దెబ్బ తగిలినా పగలకుండా వంగే ప్లాస్టిక్) షీట్ అడిగాను. బైక్‌కి కాబట్టి గాజులా పగిలే యాక్రిలిక్ వద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాను. "సుత్తితో కొట్టినా పగలదు సార్, తీసుకెళ్లండి" అన్నాడు. పాలీకార్బొనేట్ రేటే పుచ్చుకున్నాడు.

కోసి, అంచులు రుద్ది, చెక్క అచ్చు మీద హీట్ గన్‌తో వంచితే వంపు చక్కగా వచ్చింది. స్క్రూ రంధ్రం వేస్తుంటే, డ్రిల్ బిట్ అవతలికి దిగిందో లేదో, టప్‌మని పై అంచుదాకా చీలిపోయింది. ముక్క అంచు గాజు పెంకులా పదునుగా ఉంది. పాలీకార్బొనేట్ అలా పగలదు, వంగుతుంది. అనుమానమొచ్చి డాబా మీద చిన్న ముక్కని పట్టకారుతో పట్టుకుని లైటర్ పెట్టాను. లైటర్ తీసేసినా చిటపటమంటూ కాలుతూనే ఉంది, ఒకరకమైన పళ్ల వాసన. పాలీకార్బొనేట్ అయితే నల్లటి పొగ వదిలి, లైటర్ తీసిన కాసేపటికే ఆరిపోతుంది. ఇది పక్కా యాక్రిలిక్.

ముక్కలు పట్టుకుని షాపుకెళ్లాను. వాటివైపు చూడను కూడా చూడలేదు. "బిల్లులో పాలీకార్బొనేట్ అని ఎక్కడుంది? క్లియర్ షీట్ అని రాశాం, చదువు రాదా?" అని అందరి ముందూ అరిచి బిల్లు నా మీదకి విసిరాడు. అంతలోనే పక్కనున్న కుర్రాడికి అదే దొంతరలోంచి షీట్ లాగి, "ఒరిజినల్ పాలీకార్బొనేట్, అన్‌బ్రేకబుల్" అంటూ రేటు చెప్తున్నాడు! నా చేతిలో ముక్క ఆ అబ్బాయికి చూపించి "కొనకు తమ్ముడూ" అన్నాను. అంతే, భుజం మీద చెయ్యి వేసి నన్ను మెట్లు దింపేశాడు.

డబ్బు పోతే పోయింది. హైవే మీద 80లో వెళ్తుండగా రాయి తగిలితే ఆ ముక్కలు వచ్చి దిగేది గొంతులో. బైక్‌కి అని తెలిసీ అదే షీట్ ఇస్తున్నాడు. నాకు మింగుడుపడనిది అదే.

కొనేవాళ్లు బిల్లు మీద పాలీకార్బొనేట్ అని రాయించుకోండి. సన్నటి ముక్క అడిగి షాపులోనే వంచి చూడండి, యాక్రిలిక్ అయితే ఫట్‌మని విరుగుతుంది. అసలైనది దొరికినా, 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టకుండా హీట్ గన్ పెడితే లోపలి తేమకి బుడగలొస్తాయి. పెట్రోలు, థిన్నర్‌లతో మాత్రం తుడవకండి, పగుళ్లు పుడతాయి.

బిల్లు, ముక్కలు దాచిపెట్టాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తున్నాను. అక్కడే మోసపోయినవాళ్లు ఉంటే మీరూ చేయండి.