7ఎఫ్ బ్లేడా, 10 మీద గైడ్ కోంబా?

విశాఖ ఉక్కపోతలో మా షిట్జూ కుక్కకి జుట్టు తగ్గించక తప్పదు. దారులు రెండు: జుట్టు కత్తిరించే మెషిన్‌కి 7ఎఫ్ బ్లేడు పెట్టి నేరుగా నడపడం, లేదా 10 నంబరు బ్లేడు మీద గైడ్ కోంబ్, అంటే ఎంత పొడవు మిగలాలో నిర్ణయించే దువ్వెన తొడుగు, తగిలించడం.

తిరకాసేంటంటే, అంకె పెరిగేకొద్దీ జుట్టు పొట్టి అవుతుంది. 7ఎఫ్ 3.2 మిల్లీమీటర్లు మిగిలిస్తే, 10 మిగిల్చేది 1.5 మాత్రమే. ‘ఎఫ్’ ఉంటే పళ్లన్నీ సమానం. అది లేని 7లో ఒక పన్ను పొడవు, ఒకటి పొట్టి. చంకల్లో, చెవి అంచున చర్మం ఆ సందులో పడితే తెగుతుంది. కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు.

కోంబ్‌తో ఒకే బ్లేడు మీద కావలసినంత పొడవు ఉంచుకోవచ్చు, ఖర్చూ తక్కువే. కానీ చిక్కుంటే కదలదు. ఆర్కే బీచ్ నుంచి వచ్చిన సాయంత్రం తొందరపడ్డాను. ఇసుకతో అట్టకట్టిన బొచ్చులో ఇరుక్కుని కోంబ్ ఊడిపోయింది. వీపు మధ్యలో రూపాయి బిళ్లంత గుండు! వీధిలో పరువు పోయింది, దానిది కాదు, నాది.

స్నానం, పూర్తిగా ఆరబెట్టడం, చివరిదాకా దువ్వడం. ఇంత ఓపికుంటే కోంబే నా ఓటు. బాగా చిక్కులు పడితే మాత్రం 7ఎఫ్. ఏదైనా సరే, మధ్యమధ్యలో బ్లేడుని మణికట్టుకి ఆనించి చూడండి, చురుక్కుమంటే ఆపేయండి. ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, పని కాగానే తుడిచి నూనె చుక్క వేయండి.