12 ఎకరాలు, ఒక బార్న్, 11 పేజీల షరతులు: ఇన్నేళ్ల వాడకం తర్వాత

డాలస్‌కి తూర్పున, హంట్ కౌంటీలో 2017లో మేము 12 ఎకరాల స్థలం కొన్నాం. ఒక పాత ఇల్లు, దాని వెనక 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న ఇనుప బార్న్ (గడ్డీ, ట్రాక్టరూ పెట్టుకునే పెద్ద షెడ్డు), మిగతాదంతా గడ్డి నేల. వీటితోపాటు కౌంటీ క్లర్క్ ఆఫీసులో 1994లో రిజిస్టరైన 11 పేజీల డీడ్ రిస్ట్రిక్షన్లు, అంటే ఈ భూమిని ఎలా వాడకూడదో చెప్పే షరతులు కూడా మా వాటాకి వచ్చాయి. ఫ్రిస్కో, ఐర్వింగ్ వైపు మనవాళ్లు ఊరి బయట భూమి కొనాలనుకున్నప్పుడు మా దగ్గరికొచ్చి చూస్తారు, బార్న్ ముందు ఫొటోలు దిగుతారు, ఎకరం ఎంత పడిందని అడుగుతారు. ఆ 11 పేజీల గురించి అడిగేవాళ్లు చాలా తక్కువ. ఇన్నేళ్లుగా ఇక్కడ మేం ఏం చేయగలిగామో, ఏం చేయలేకపోయామో తేల్చింది మాత్రం అవే. అందుకే ఈ సమీక్షలో సగం వాటి గురించే ఉంటుంది.

టెక్సస్‌లో సిటీ లిమిట్స్ దాటితే జోనింగ్ దాదాపు ఉండదు. ఇక్కడ ఇది కట్టకూడదు, అక్కడ అది పెట్టకూడదు అని ముందే చెప్పే అధికారం కౌంటీలకి చాలా తక్కువ. అందుకే పెద్ద రాంచ్‌ని ముక్కలు చేసి అమ్మేవాళ్లు తామే షరతులు రాసి రిజిస్టర్ చేస్తారు. ఒకసారి రిజిస్టరయ్యాక అవి భూమితోపాటే నడుస్తాయి. మేమెక్కడా వాటి మీద సంతకం పెట్టలేదు, అయినా మాకు వర్తిస్తాయి. రేపు మా దగ్గర కొన్నవాళ్లకీ అంతే. మా వైపు ముక్కలన్నీ 11, 12 ఎకరాలు ఉండటం కూడా ఊరికే కాదు. ఒక్కో ముక్క 10 ఎకరాలు దాటి, కొత్త రోడ్లు వేయనక్కర్లేకపోతే కౌంటీ దగ్గర ప్లాట్ (భూమిని ముక్కలు చేసి గీసిన మ్యాపు) ఆమోదం తీసుకోనక్కర్లేదని రాష్ట్ర చట్టం. ప్లాటే లేనప్పుడు దాని మీద షరతులు రాసి ఉండే ప్రశ్నే లేదు, విడిగా వెతికి పట్టుకోవాల్సిందే.

మన దగ్గర భూమి కొనేముందు ఈసీ తీయిస్తాం కదా, ఇక్కడ ఆ పని చేసేది టైటిల్ కమిట్‌మెంట్. అందులో షెడ్యూల్ బి అని ఉంటుంది, టైటిల్ ఇన్సూరెన్స్ దేనికి వర్తించదో చెప్పే జాబితా. దాని మొదటి అంశమే రిస్ట్రిక్టివ్ కవెనెంట్స్, అంటే ఈ షరతులే. కానీ అక్కడ సాధారణంగా కనిపించేది రికార్డు పుస్తకం నంబరు, పేజీ నంబరు మాత్రమే. అసలు కాగితం కావాలంటే టైటిల్ కంపెనీని అడగాలి. అభ్యంతరం చెప్పడానికి కాంట్రాక్టులో ఒక గడువు ఉంటుంది, అది దాటితే ఒప్పుకున్నట్టే. మా రియల్టర్ "అవన్నీ మామూలువే" అని తేల్చేశాడు. మా ఆయనకి పత్రం పూర్తిగా చదవనిదే నిద్రపట్టదు కాబట్టి తెప్పించుకుని, ఒక లాయర్‌తో కూడా చదివించాం. ఆ ఫీజు మొత్తం కొనుగోలులో మేం పెట్టిన అతి చవకైన ఖర్చు.

ఏముంది అందులో? ఇల్లు ఇన్ని చదరపు అడుగులకి తగ్గకూడదు. మొబైల్ హోమ్స్, అంటే ఫ్యాక్టరీలో చేసి లాక్కొచ్చే ఇళ్లు, పెట్టకూడదు. రోడ్డు నుంచి 100 అడుగుల లోపల ఏదీ కట్టకూడదు. పందులు వద్దు. కోళ్లు ఇంటి వాడకానికైతే సరే, వ్యాపారానికి కాదు. పెద్ద పశువైతే ఎకరంన్నరకి ఒకటి. స్థలాన్ని ఇంకా చిన్న ముక్కలు చేయకూడదు. ఒక స్థలంలో ఒకే నివాసం. బార్న్, షెడ్డు లాంటి వాటిలో తాత్కాలికంగానైనా సరే, ఎవరూ కాపురం ఉండకూడదు.

మాకు గట్టిగా తగిలింది ఆ చివరి రెండూ. తెనాలి నుంచి అత్తయ్యా మామయ్యా వస్తే ఆరు నెలలుంటారు. బార్న్‌లో ఒక పక్క రెండు గదులు, బాత్‌రూమ్ వేస్తే వాళ్లకి ప్రైవసీ, మాకూ హాయి అనుకున్నాం. టెక్సస్‌లో ఇలాంటి వాటిని బార్న్‌డొమీనియం అంటారు, ఎక్కడ చూసినా కనిపిస్తాయి. మా స్థలంలో మాత్రం కుదరదు. విడిగా చిన్న ఇల్లు కడదామన్నా ఒకే నివాసం అన్న షరతు అడ్డం. చివరికి ఉన్న ఇంటికే గది అతికించి కట్టించాం. ఖర్చు బార్న్‌లో అయ్యేదానికంటే బాగా ఎక్కువైంది, సెప్టిక్ కూడా పెద్దది చేయించాల్సి వచ్చింది. మామయ్య మాత్రం ఇప్పటికీ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని బార్న్‌లోకే వెళ్లి కూర్చుంటారు. కూర్చోవద్దని షరతుల్లో లేదు లెండి.

ఇక ఫంక్షన్ల గోల. టెక్సస్‌లో బార్న్‌లో పెళ్లిళ్లు పెద్ద వ్యాపారం. మన చుట్టాల్లో ఒకాయన దీన్ని చూసి, సీమంతాలకీ, హాఫ్ శారీ ఫంక్షన్లకీ అద్దెకిస్తే నెలకింత వస్తుందని కాగితం మీద లెక్కలు వేసి మరీ చూపించాడు. నివాసానికీ వ్యవసాయానికీ తప్ప వ్యాపారానికి వాడకూడదని మా పత్రంలో స్పష్టంగా ఉంది. ఆయన 2018లో టెక్సస్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పట్టుకొచ్చాడు. టార్ వర్సెస్ టింబర్‌వుడ్ పార్క్ కేసులో, నివాసానికి మాత్రమే అన్న షరతు ఉన్నంత మాత్రాన ఇంటిని రోజుల లెక్కన అద్దెకివ్వడం తప్పు కాదని కోర్టు చెప్పిన మాట నిజమే. కానీ ఆ కేసులో అద్దెకున్నవాళ్లు ఇంట్లో నివాసమే ఉన్నారు. 200 మంది వచ్చి భోంచేసి, డీజే పెట్టుకుని వెళ్లడం వేరు. ఆ తీర్పు నుంచి నేను నేర్చుకున్నది ఇంకొకటి. షరతులో రాయని దాన్ని కోర్టు తనంతట తాను కలపదు. కాబట్టి మీ పత్రంలో ఒక్కో మాటకీ నిర్వచనం ఉందో లేదో చూసుకోండి. మా దాంట్లో "పశువులు" అంటే ఏవేవో చెప్పారు గానీ తేనెటీగల ఊసే లేదు. అది మాకు కలిసొచ్చింది, ఎలాగో కింద చెప్తాను.

అమలు చేసేదెవరు అన్నది అందరూ అడగాల్సిన ప్రశ్న. మాకు హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, లేదు. నెలనెలా ఫీజు లేదు, గడ్డి పెరిగిందని నోటీసులు రావు. అలాగే తప్పు జరిగితే ఆపే మనిషీ లేడు. ఇక్కడున్న భూయజమానుల్లో ఎవరైనా స్వయంగా కోర్టుకెళ్లాలి. మా రోడ్డు చివర ఒకాయన తుక్కు ట్రక్కులు తెచ్చి పెట్టడం మొదలుపెట్టాడు. ముందు రెండు, తర్వాత వరస. షరతుల ప్రకారం కూడదు, కానీ ముందుకొచ్చి చెప్పడానికి అందరికీ మొహమాటం, తుపాకులున్న ఊళ్లో టెన్షన్ కూడా. చివరికి నాలుగిళ్లవాళ్లం డబ్బులేసుకుని లాయర్ చేత ఉత్తరం రాయించాం. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ ప్రకారం షరతు మీరిన ప్రతి రోజుకీ 200 డాలర్ల దాకా కోర్టు వేయొచ్చని అందులో ఒక వాక్యం ఉంది. ట్రక్కులు కదలడానికి ఆ వాక్యమే పనిచేసింది. ఊరుకుంటే ఏమయ్యేదంటే, కేసు వేయడానికి నాలుగేళ్ల గడువు ఉంది, అది దాటాక అడిగే హక్కే పోవచ్చు. పక్కవాళ్లతో మంచిగా ఉండాలని చూసీచూడనట్టు పోతే ఇక్కడ నష్టం ఇదే.

అన్నట్టు, పాత భూములు చూసేవాళ్లకి ఇంకో మాట. 1940ల ముందు రాసిన షరతుల్లో తెల్లవాళ్లకి తప్ప అమ్మకూడదన్న వాక్యాలు ఇప్పటికీ రికార్డుల్లో కనిపిస్తాయి. వాటిని కోర్టులు అమలు చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1948లోనే షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో చెప్పింది. 1968 నుంచి అలాంటివి చట్టవిరుద్ధం కూడా. అలాంటి వాక్యాన్ని రికార్డు నుంచి తీయించుకునే దారి టెక్సస్ 2021లో చట్టంగా తెచ్చింది. మనలాంటి వాళ్లు కొన్న భూమి కాగితంలో ఆ వాక్యం కనిపిస్తే కడుపులో దేవినట్టవుతుంది. దానికి భయపడి మాత్రం కొనడం మానక్కర్లేదు.

ఇప్పుడు బార్న్ సంగతి. ఇనుప ఫ్రేము, రేకు గోడలు, సగం కాంక్రీటు నేల, సగం మట్టి. గట్టిగా కట్టారు, ఫ్రేముకి ఇప్పటిదాకా ఏమీ కాలేదు. నేలే సమస్య. ఇది బ్లాక్‌లాండ్ ప్రెయిరీ, అచ్చం మన నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఆగస్టుకి చెయ్యి పట్టేంత పగుళ్లు. కాంక్రీటు కింద నేల అలా కదిలితే పెద్ద జారుడు తలుపులు పట్టేస్తాయి. వేసవిలో ఒకవైపు, చలికాలంలో ఇంకోవైపు. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ఇల్లు కట్టినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఇన్‌స్పెక్షన్‌లో ఇంటి పునాది చూస్తారు, బార్న్ పునాదిని కూడా చూడమని మనమే అడగాలి.

చలికాలం పొద్దున్నే రేకు కప్పు లోపలివైపు చెమ్మ పట్టి బొట్లుబొట్లుగా గడ్డి మీద పడుతుంది. కప్పు కింద ఇన్సులేషన్ వేయించాకే అది తగ్గింది. గడ్డి తడితో అసలు ఆటలాడకూడదు. 20 శాతం కంటే ఎక్కువ తేమ ఉన్న గడ్డిని మోపు కట్టి లోపల పేరిస్తే లోలోపల వేడెక్కి తనంతట తానే అంటుకోగలదు. తేమ కొలిచే ప్రోబ్ ఒకటి కొనుక్కుని, కొత్త మోపులకి కొన్ని వారాలు గుచ్చి చూస్తుంటాం.

ఎలకలు వైర్లు కొరికేస్తాయి, అందుకే వైరింగంతా పైపుల్లో వేయించాం. ఎలకల కోసం ర్యాట్ స్నేక్ వస్తుంది, విషం లేనిది, అయినా అత్తయ్య ఆ పక్కకి పోరు. వసంతంలో బార్న్ స్వాలో పిట్టలు వచ్చి దూలాలకి మట్టి గూళ్లు కడతాయి. కింద ట్రాక్టర్ నిండా రెట్టలే. 1918 నాటి వలస పక్షుల చట్టం వల్ల గుడ్లో పిల్లలో ఉన్న గూటిని ముట్టుకోకూడదు. కట్టడం మొదలుపెట్టగానే చూసుకోవాలి, లేదా ట్రాక్టర్ మీద పట్టా కప్పుకోవాలి. మేం పట్టా కప్పుతాం, పురుగుల్ని తింటాయి కదా అని.

ఇన్సూరెన్స్ విషయంలో జాగ్రత్త. మామూలు ఇంటి పాలసీలో విడిగా ఉన్న కట్టడాలకి సాధారణంగా ఇంటి విలువలో 10 శాతమే ఇస్తారు. ఇంత బార్న్‌కి అది ఏ మూలకీ చాలదు. పైగా వడగళ్లకి రేకు సొట్టపోతే, కారనంతవరకూ అది అందానికి సంబంధించిన నష్టం మాత్రమేనని మినహాయించే క్లాజు చాలా పాలసీల్లో ఉంటుంది. మా కప్పు ఇప్పుడు సొట్టలమయం. కారదు కాబట్టి పైసా రాలేదు. బార్న్‌కి పదికి ఎనిమిది ఇస్తాను, పోయిన రెండూ నేలవీ వడగళ్లవీ.

పన్ను దగ్గర షరతులూ బార్నూ కలుస్తాయి. ఇక్కడ అందరూ ఆగ్ ఎగ్జెంప్షన్ (వ్యవసాయ భూమికి పన్ను మినహాయింపు) అనేది నిజానికి మినహాయింపు కాదు. భూమిని మార్కెట్ ధరకి కాకుండా వ్యవసాయ ఆదాయం లెక్కన విలువ కట్టడం. దీనికి గత ఏడేళ్లలో ఐదేళ్లు వ్యవసాయానికి వాడి ఉండాలి. అమ్మినవాళ్లు గడ్డి కోయించేవాళ్లు కాబట్టి మాకు ఆ చరిత్ర దొరికింది. కొత్త యజమాని మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, అది ఆటోమేటిగ్గా రాదు. ఆ నేలలో ఉన్నది బెర్ముడా గడ్డి, అంటే మన వినాయకుడి గరికే. పక్క రైతు వచ్చి కోసి, మోపులు కట్టి, మా వాటా బార్న్‌లో పెట్టి వెళ్తాడు.

తర్వాత కొంత మేర తేనెటీగలకి మారాం. టెక్సస్‌లో 5 నుంచి 20 ఎకరాల లోపు స్థలానికి తేనెటీగల పెంపకం కూడా వ్యవసాయం కిందే లెక్క. ఎన్ని పెట్టెలు ఉండాలో ఆ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్, అంటే పన్ను కోసం ఆస్తి విలువ కట్టే ఆఫీసు, చెబుతుంది. పశువుల మీద గట్టి షరతులున్న స్థలం కొనేవాళ్లకి ఇది మంచి దారి. రేపు భూమి వాడకం మార్చేస్తే మాత్రం వెనక్కి మూడేళ్ల పన్ను తేడా కట్టాలి. 2019కి ముందు ఇది ఐదేళ్లు, వడ్డీతో సహా ఉండేది. వడ్డీని 2021లో తీసేశారు.

మినరల్ హక్కులు (భూమి కింది చమురు, గ్యాస్ లాంటి వాటి మీద హక్కులు) మాకు రాలేదు, ఈ వైపు చాలామందికి రావు. నీళ్లు రూరల్ వాటర్ సప్లైవి, ఇబ్బంది లేదు. ఇంటర్నెట్ మొదట్లో ఘోరం, ఇప్పుడు ఫర్వాలేదు.

ఎవరికి సరిపోతుంది? పక్కన ఏమొస్తుందో ముందే తెలియాలనుకునే వాళ్లకి, గడ్డీ తేనెటీగలూ నాలుగు పశువులతో తృప్తిపడేవాళ్లకి ఇలాంటి స్థలమే మంచిది. మా చుట్టూ ఇవాళ్టికీ పొలాలే కనిపిస్తున్నాయంటే ఆ షరతుల పుణ్యమే. షరతులు లేని పక్క రోడ్డులో ఇప్పుడు ఆర్‌వీ పార్కు, అంటే చక్రాల మీద నడిచే ఇళ్లు ఆపుకునే చోటు, వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు కలిసి కొని రెండిళ్లు కట్టుకుందామనుకుంటే, బార్న్‌తో సంపాదిద్దామనుకుంటే, ఇటు చూడకండి. షరతులు లేని ఎకరాలు ఇంకా దొరుకుతున్నాయి.

మా షరతుల గడువు మొదట 25 ఏళ్లు. 2019లో ఎవరూ ఏమీ అనకపోవడంతో వాటంతట అవే ఇంకో పదేళ్లకి పొడిగించబడ్డాయి. మళ్లీ 2029లో ఆ సమయం వస్తుంది. మెజారిటీ యజమానులు సంతకాలు పెట్టి రిజిస్టర్ చేయిస్తే మార్చుకోవచ్చని పత్రంలోనే ఉంది. మొబైల్ హోమ్స్, వ్యాపారం, విభజనల జోలికి వెళ్లకుండా, కన్నవాళ్ల కోసం ఒక చిన్న రెండో నివాసానికి మాత్రం వీలిచ్చే సవరణ ఒకటి రాయించి ఉంచాం. ఇద్దరు పక్కింటివాళ్లు ఒప్పుకున్నారు, తుక్కు ట్రక్కులాయన్ని ఇంకా అడగలేదు.